నూట పదిహేడో నెంబరు పేపరు

మూడో అంతస్తులో గాజు తలుపున్న చిన్న గది, సాయంత్రం నాలుగున్నర. బల్లకి ఒక పక్క మేనేజరు, ఎదురుగా ఉద్యోగ పరీక్ష పేపర్లు దిద్దిన సీనియర్ ప్రోగ్రామర్.

"అది కాదమ్మా, నేను చెప్పేది పూర్తిగా విను."

"వింటూనే ఉన్నాను సార్. నూట పదిహేడో నెంబరుకి తొంభై ఒకటి వచ్చాయి. తగ్గించమంటున్నారు. ఇంకా వినడానికి ఏముంది?"

"మరీ ఫెయిల్ చేయమన్నానా? ఒక మెట్టు దించమన్నాను. ఉన్నవి రెండు ఉద్యోగాలు. మూడో స్థానంలోకి జారితే చాలు."

"చాలు... ఎవరికి చాలు?"

"అందరికీ. ఐదింటికి లిస్టు పైకి వెళ్లిపోతుంది. రెండు నిమిషాల పనికి ఎందుకింత రాద్ధాంతం?"

"పేపర్లో తప్పు చూపించండి, దించేస్తాను."

"తప్పు లేదు."

"మరి?"

"మరి... ఎలా చెప్పాలి. మన గురించి బయట ఏమనుకుంటున్నారో నీకు తెలుసా?"

"ఏమనుకుంటున్నారు? జీతాలు ఆలస్యమనా?"

"వేళాకోళం కాదు. ప్రోగ్రామింగ్ అంటే చాలు, అందరూ అలాంటివాళ్లే అంటున్నారు. ఏ ఆఫీసులో చూసినా వాళ్లే, ఏ గ్రూపులో చూసినా వాళ్లే అని."

"ఎలాంటివాళ్లు సార్?"

"తెలిసి అడుగుతావేంటి."

"ట్రాన్స్ అనండి. నాలుకేం కాలదు. తొమ్మిదేళ్లుగా నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు, ఆ ఒక్క ముక్క అనడానికి ఇంత అవస్థా?"

"సరే, ట్రాన్స్. అన్నాను. చాలా?"

"ఈ బిల్డింగులో ఎంతమందిమి?"

"ఇప్పుడా లెక్కలెందుకు..."

"మూడొందల పది మందిలో ముగ్గురం. నేను, టెస్టింగులో ఒకబ్బాయి, కింద సర్వర్ల గదిలో ఇంకొకామె. పోనీ, ఎడమచేత్తో రాసేవాళ్లు ఎంతమంది?"

"నాకేం తెలుసు."

"చూశారా. వాళ్లని ఎవరూ లెక్కపెట్టరు. మమ్మల్ని మాత్రం వేళ్లు మడిచి మరీ లెక్కపెడతారు. పంటికింద ఒక్క రాయి తగిలితే అన్నమంతా రాళ్లే అన్నట్టు."

"నేననలేదు తల్లీ. జనం అంటున్నారు."

"ఆ జనం ఎప్పుడూ మీ నోటితోనే మాట్లాడతారేంటి సార్?"

"చూడు. నిన్ను నేను ఎప్పుడైనా ఒక్క మాట అన్నానా? వేరే పేరుతో చేరావు. ఓ సోమవారం వచ్చి, ఇకనుంచి నా పేరిది అన్నావు. మర్నాటికల్లా నీ బ్యాడ్జి మార్పించింది ఎవరు?"

"మీరే."

"క్యాంటీన్లో ఒకడు వెకిలిగా నవ్వితే, ఇదే గదిలోకి పిలిచి వాణ్ని దులిపేసింది ఎవరు?"

"మీరే. అందుకే ఇంకా కూర్చుని మాట్లాడుతున్నాను. ఇంకొకరైతే ఈపాటికి ఆ తలుపు అద్దం పగిలేది."

"మరి ఆ మాత్రం గౌరవం ఉంటే నా మాట విను. ముగ్గురు చాలు. నాలుగోవాళ్లు వద్దు. పైగా నువ్వే తగ్గించావంటే ఎవరూ వేలెత్తి చూపించరు."

"ఓహో, అదా సంగతి! నా వేలితో నా కన్నే పొడిపిద్దామని."

"పెద్ద పెద్ద మాటలొద్దు."

"చిన్న మాటే అడుగుతాను. పరీక్ష కాగితం మీద పేరు ఉండకూడదు, నెంబరే ఉండాలని రూలు పెట్టింది ఎవరు?"

"నేనే. పన్నెండేళ్ల కిందట. మావాడు, మీవాడు అంటూ మార్కులు పంచుకుంటున్నారని."

"కంప్యూటర్ ఇవ్వకుండా, తెల్లకాగితం మీద పెన్నుతో ప్రోగ్రాం రాయించేది?"

"నేనే. కాపీ కొట్టకుండా, బుర్రలో ఉన్నది బయటపడాలని."

"ఆ తర్వాతి ఇంటర్వ్యూ ఫోన్లోనే జరగాలి, మొహం చూడకూడదు అని?"

"అదీ నేనే. అయితే ఏంటి?"

"ఏముంది సార్. మొహం చూసి తలుపేసుకునేవాళ్ల దగ్గర్నుంచి, మొహం చూడని చోటికి వస్తాం. నేను బట్టల కొట్టుకి వెళ్లాను, బ్యాంకుకి వెళ్లాను, బడిలో పాఠం చెబుతానన్నాను. అందరూ నన్ను కిందనుంచి పైదాకా చూసి, తర్వాత కబురు చేస్తామన్నారు. ఇక్కడ రాసింది నడిస్తే చాలన్నారు. కంప్యూటర్ మమ్మల్నిలా తయారు చేయలేదు సార్. నువ్వెవరని అడగలేదు, అంతే."

"ఉపన్యాసం అయిందా?"

"అయింది. ఒక ప్రశ్న మిగిలింది."

"టైము చూడు. పావు తక్కువ ఐదు."

"పేరు లేదు. మొహం లేదు. ఫోన్లో మాట్లాడింది నేనొక్కదాన్నే. ఆ అమ్మాయి తన సంగతి నాకు చెప్పిన మాట నిజమే, కానీ నేను ఇంకొకరి చెవిన వేయలేదు. మరి నూట పదిహేడో నెంబరు ట్రాన్స్ అని మీకెలా తెలిసింది?"

"ఎవరో అన్నారు."

"ఎవరు?"

"ఎవరో... రిసెప్షన్లో."

"ఆ రోజు రెండొందల మంది రాశారు. నెంబర్లు హాల్లోకి వెళ్లాక చీటీలు తీసి ఇచ్చాం. రిసెప్షన్‌కి ఎలా తెలుస్తుంది?"

"అయితే హెచ్చార్ వాళ్లు..."

"పేర్ల కవరు నేను సంతకం పెట్టాకే వాళ్లు విప్పుతారు. అది కూడా మీ రూలే."

"వదిలెయ్యమ్మా."

"వదలను. ఎలా తెలుసు?"

"నిన్న నీ బల్ల మీద ఆ పేపరు చూశాను."

"చూస్తే?"

"సున్నాలు చూశాను."

"సున్నాలా?"

"ప్రతి సున్నాకీ అడ్డగీత ఉంది. గీత చివర చిన్న కొక్కెం."

"పాతకాలం ప్రోగ్రామర్లు అలా గీసేవాళ్లు కదా, ఇంగ్లీషు ఓ అనుకోకుండా. ఇప్పుడెవరూ గీయరు."

"ఎవరూ గీయరు. నేను గీస్తాను. చివర్న ఆ కొక్కెం మాత్రం నా చేతి తిక్క. మావాడికి ఐదేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని నేర్పించాను. వాడు అప్పుడే..."

"ఆమె."

"ఒకటో తరగతిలో టీచరు లెక్కలన్నీ తప్పని ఎర్రసిరాతో కొట్టేసింది. ఏడుస్తూ ఇంటికొస్తే ప్రాణం ఉసూరుమంది. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి స్కూలుకెళ్లి పోట్లాడాను. మా పిల్ల రాసిందే కరెక్టు, మీకే చదవడం రాదని."

"సున్నా కోసం సెలవు పెట్టారు."

"ఊఁ."

"ఇల్లు వదిలి వెళ్లిపోయిన రోజున పెట్టారా?"

"వెళ్లిపోలేదు. నేనే పొమ్మన్నాను. ఏడాదిన్నర అయింది. వాళ్లమ్మ అప్పట్నుంచి నాతో మాట్లాడదు. ఒకే ఇంట్లో ఉంటాం. ఏదైనా కావాలంటే ఫ్రిజ్ తలుపు మీద చీటీ అంటిస్తుంది."

"నా బ్యాడ్జి ఒక్కరోజులో మార్పించారు కదా సార్."

"నువ్వు వేరు."

"ఎందుకు వేరు?"

"నువ్వు... నువ్వు మా ఇంటి పిల్లవి కాదు."

"అలా చెప్పండి. పరాయి పిల్లయితే ధైర్యం, మనింటి పిల్లయితే పరువు. తొమ్మిదేళ్లుగా మిమ్మల్ని చూసి, ఇలాంటి నాన్న ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను. ఆ అనుకున్నందుకు ఇప్పుడు ఒళ్లు మండుతోంది."

"తిట్టు. తిట్టించుకోవాల్సినవాణ్ణే. కానీ రోజూ ఇదే లిఫ్టులో, ఇదే క్యాంటీన్లో ఎదురుపడితే నేనేం చేయాలి? నలుగురూ చూస్తుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇంకోచోట నేనే చెప్పి ఇప్పిస్తాను, ఒట్టు. ఇక్కడ మాత్రం వద్దు. పాపం, ఎక్కడా దొరక్క, గతిలేక వచ్చి ఉంటుంది."

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి."

"ఏం రాస్తున్నావ్?"

"తొంభై ఒకటి. సోమవారం దిద్దినప్పుడు ఇవే, బుధవారం ఫోన్ చేసేనాటికీ ఇవే, ఇప్పుడూ ఇవే. కింద సంతకం."

"అమ్మా..."

"కాసేపట్లో కవరు విప్పుతారు. మీరు పెట్టిన పేరు కోసం వెతక్కండి, ఉండదు. ఇంటిపేరు మాత్రం మీదే ఉంచుకుంది."

"అంటే... నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఫోన్లో తనే చెప్పింది. మీ నోటితో మీరు చెబుతారేమోనని చూశాను. ఇంకో సంగతి, తను గతిలేక రాలేదు. రెండు పెద్ద కంపెనీలు రమ్మన్నాయి. కాదనుకుని ఇక్కడికి వచ్చింది."

"ఇక్కడికా? నేనున్నానని తెలిసి కూడానా?"

"తెలిసి కూడా కాదు సార్, తెలిసే. ఎందుకమ్మా అని అడిగాను."

"ఏమంది?"

"'ఇల్లు ఆయనది కాబట్టి పొమ్మంటే పోయాను. ఈ కుర్చీ నా మార్కులతో తెచ్చుకుంటున్నాను. ఇప్పుడు పొమ్మనమనండి మా నాన్నని, చూస్తాను' అంది."