చాప మీద ఆట

1988 వేసవి. మస్కట్ నుంచి భర్త పంపిన వీడియో గేమ్‌తోపాటు ఆ ఆట గురించి రాసిన ఒక ఇంగ్లీషు పత్రిక కూడా వచ్చింది. కొత్తపేటలో ఆ ఇల్లాలు పక్కింటి మాస్టారి చేత దాన్ని చదివించుకుంటోంది.

"ఏం రాసేరండీ మాస్టారూ?"

"దీన్ని చేతుల్తో కాదమ్మా, దీంతో వచ్చిన ఈ కరెంటు చాప మీద నిలబడి కాళ్లతో ఆడాలట. వట్టి వెర్రి వేషమనీ, పిల్లలెవరూ ముట్టుకోరనీ రాసేడు."

"కాళ్లకి కరెంటు కొడుతుందని రాయలేదాండీ?"

"అది రాయలేదు."

"దాచేసుంటాడండి. మా పిల్లేమో పొద్దుట్నుంచీ కాళ్లు కడుక్కుని కూర్చుంది. అటకెక్కించేద్దునాండీ?"

"ఉండమ్మా. ఆడి చూడలేదనీ, ఫొటో చూసే రాశాననీ కింద ఆయనే ఒప్పుకున్నాడు."

"అమ్మమ్మమ్మా! ఎక్కకుండానే ఇన్ని మాటలనేసేడాండీ?"

"అనేసేడమ్మా."

"అయితే పిల్లకంటే ముందు నేనే ఎక్కుతానండి. మీరు స్విచ్చి దగ్గరే నిలబడండి. నేను కేకేస్తే కట్టేద్దురుగాని."