బండి ముక్కు మీద గంగమ్మ నీళ్లు

మొహం అలగ గోడకి తిప్పీసుకుంటే ఎలాగన్నియ్యా? దవడకి తీగ కట్టేరని డాక్టరమ్మ సెప్పింది గానీ మెడకి కట్టీనేదు కదా! ఇటు తిరుగు. నాను, గౌరిని. నీ సిన్నాన్న కూతుర్ని. పరాయిదాన్నేటి?

సరే, తిరక్కు. సెవులున్నాయి గదా, ఇను.

మీ బావ అంపేడు నన్ను. "ఎల్లి మీ ధనరాజన్నకి సెప్పు. కానిస్టేబులు వస్తాడు. మోటారు సైకిలు మీంచి పడిపోనానని తలూపమను. నాను జైలుకెల్తే మీ ఇంటి పిల్లే ముండమోస్తాది" అని పంచలో కూలబడి ఏడ్సేడు. ఏడ్సేడంటే నమ్ముతావా? నిన్న నిన్ను గొడ్డుని బాదినట్టు బాదిన సేతుల్తోనే కళ్లు తుడుసుకున్నాడు.

నిన్నిక్కడికి తెచ్చిందీ ఆయనే. ఆసుపత్రి సీటీలో అలాగే రాయించేడు, బండి మీంచి పడిపోనాడని. నీకు తెలివి నేదప్పుడు.

అసలు నిన్నెవరు రమ్మన్నారు సెప్పు? ఫోన్లో ఆయన బూతులు తిడతంటే ఇన్నావు గదా! పాము పుట్టలో సెయ్యెట్టినట్టు ఒక్కడివే వచ్చీసేవు. పైగా పిల్లలకని పలాస జీడిపప్పు పొట్లం ఒకటి! ఏం మనిషివన్నియ్యా నువ్వు. నాకు నీ మీద కూడా కోపంగానే ఉన్నాది, ఏటి సేస్తావో సెయ్యి.

అంతా ఆ దిక్కుమాలిన కారుతోనే వచ్చింది.

తెప్ప అమ్ముకున్న రోజు నువ్వూ ఉన్నావు. భోగాపురంలో ఇమానాలు దిగుతాయి, గొప్పోళ్లు దిగుతారు, ఆళ్లని ఆటోల్లో ఎక్కిస్తామేటి అన్నాడు మీ బావ. మీ బావ యుగంధరంటే పేటలో ఏటనుకుంటన్నారు, ఒకరు వాడి ఒగ్గేసిందైనా సరే జర్మనీ బండే కావాల అన్నాడు. నువ్వే వైజాగంతా తిరిగి సూసెట్టేవు. నల్లగా నిగనిగలాడిపోతా మా సందులోకి వచ్చిందా, ఓలమ్మా! సందు పట్టనేదు. సేపలెండేసుకున్న ఆడోళ్లు తట్టలు తీసి గోడకంటుకుపోనారు.

"వారంటీ ఇంకా ఉన్నాది బావా, అది తీరీలోగా ఏటి పాడైనా కంపినీయోడే ఊరకే బాగు సేస్తాడు" అన్నావు. అంతే! ఆ వారంటీ అన్న మాటని మీ బావ దేవుడి పేరు తలిసినట్టు తలిసేవోడు. తెప్పకి లేని బరోసా దీనికున్నాదే అనీవోడు.

నువ్వు అబద్ధమాడనేదు. అదేకదా నా ఏడుపు.

రెండు నెలలు బాగానే నడిసింది. తరవాత దెయ్యం పట్టినట్టయిపోనాది. అద్దాలు ఆటంతటవే దిగిపోతాయి. వాన పడకపోయినా అద్దం తుడుసుకుంటాది. గరివిడిలో పెళ్లికి కిరాయికెల్తే పెళ్లికొడుకుని లోపలెట్టుకోని నడిరోడ్డు మీద సచ్చి కూకుంది, హారనొక్కటీ ఆగకుండా మోగుతానే ఉంది. తలుపులు తెరుసుకోవు! పెళ్లోళ్లు అద్దం పగలగొట్టి ఆ గుంటడ్ని లాగేరు. మీ బావ సొక్కా సించి, నడి బజార్లో సెంప మీద కొట్టేరు. సంద్రంలో పెద్ద అలల మీద తిరిగినోడు అన్నియ్యా, పేటలో ఎదురొచ్చి మాటాడ్డానికి బయపడీవోరు ఆయన్ని. ఆ దెబ్బ తిని ఇంటికొచ్చి ఎవుల్ని కొడతాడు? ఇగో, ఈ మణికట్టు సూడు. గాజులింకా ఏసుకోనేదు.

అప్పటికీ ఆశ సావనేదు. వారంటీ ఉన్నాది కదా! లారీ మీద ఎక్కించి వైజాగు తోలుకెల్లేడు, నన్నూ తీసుకెల్లేడు. అక్కడ సర్వీసు కుర్రోడు ముక్కు కాడి మూత ఎత్తి, తీగలన్నీ కలిసే పెట్టె ఒకటుంటాది సూడు, అది విప్పేడు. విప్పి, "ఉప్పునీళ్లు తాగేసిందండీ ఇది. ఎక్కడో వరదలో మునిగిన బండిని తుడిసి మీకు అంటగట్టేరు. బయట నీళ్లు దిగితే వారంటీ సెల్లదు" అన్నాడు.

మీ బావ ఆడి పీక పట్టీసుకున్నాడు. నలుగురొచ్చి ఇడిపించి, రోడ్డు మీదకి గెంటేరు. గేటు కాడ నిలబడి గాజుతలుపుని తన్నేడు, కాలంతా రగతం. కారుని మళ్లీ లారీ మీదే ఇంటికి తెచ్చేం.

అప్పట్నించి ఒకటే జపం. "మునిగిన బండి అంటగట్టేడు మీ అన్న. నా తెప్ప తినేసేడు. ఆడి దవడ ఇరగ్గొడతాను." ముద్ద కలుపుతా అదే మాట. నిద్దట్లో అదే మాట. అత్త పక్కనుంచి "సొంతోల్లే కదరా కొంప తీసీది" అని ఎగదోసీది. మా అత్త కూర్మమ్మ సంగతి నీకు తెలుసు కదా. నాను వంటింట్లో నోరు కుట్టుకోని కూకునీదాన్ని.

ఎందుకు కుట్టుకున్నానో సెప్తానుండు. సెప్పడానికే వచ్చేననుకుంటాను. మీ బావ అంపింది వేరే పనికి, నాను వచ్చింది వేరే పనికి.

నిన్న నువ్వొచ్చీసరికి ఆయన సూరులోంచి తెడ్డు తీసేడు. తెప్పతో పాటు అన్నీ అమ్మేడు గానీ ఆ తెడ్డు ఒక్కటీ అమ్మనేదు, తండ్రిదని. ముందు కారు కళ్లు రెండూ పగలగొట్టేడు. సందులో పిల్లలంతా పారిపోనారు. అప్పుడొచ్చేవు నువ్వు, పొట్లం పట్టుకోని నవ్వుతా. "కొట్టకు బావా, రేపటిదాకా వారంటీ ఉంది, ఇప్పుడే బయల్దేరదాం, ఆళ్లతో నాను మాటాడతాను" అన్నావు. మూత ఎత్తేవు. పొద్దు వాలిపోతంది, "సెల్లు లైటు పట్టు సెల్లీ" అన్నావు. పట్టేను.

తలకాయ లోపలికెట్టి ఆ తీగల పెట్టె సూసేవు. సూసి ఏటన్నావు? గుర్తుందా? నాకు సచ్చేదాకా గుర్తుంటాది.

"బావా, ఇది వరద నీరు కాదు. వరదైతే బురదుంటాది. ఇక్కడేదో పసుపు..." అన్నావు.

అంతవరకే అన్నావు. నాను లైటు తిప్పీసేను.

అవునన్నియ్యా, నానే. సెయ్యి వణికి కాదు. సూసే తిప్పేను. నువ్వు ఇంకొక్క మాటంటే దొరికిపోతానని తిప్పేను. సీకట్లో నీకేటీ కనపడక "పట్టు, సరిగ్గా పట్టు" అంటన్నావు, ఎనకనుంచి తెడ్డు లేవడం నాకు కనపడతంది. జరుగన్నియ్యా అని ఒక్క కేకేస్తే సాలు. ఎయ్యనేదు.

మొదటిది ఈపు మీద పడ్డాది. నువ్వు తిరిగేవు. రెండోది దవడ మీద. ఆ సప్పుడు... ఎండు కట్టె ఇరిసినట్టు. సెయ్యి అడ్డెట్టేవు, సెయ్యి మీద. కింద పడ్డాక కూడా ఆపనేదు, "ఒప్పుకో, మునిగిన బండని ఒప్పుకో" అని అరుస్తా కొట్టేడు. నోట్లో రగతం పెట్టుకోని మనిషెలగ ఒప్పుకుంటాడు? జీడిపప్పంతా రగతంలో ఒలికిపోనాది. కోళ్లొచ్చి ఏరుకు తిన్నాయి. ఆ కోళ్లనే సూస్తా నిలబడ్డాను నాను. నీ మీద పడ్డ ప్రతి దెబ్బకీ, ఇది నా మీద పడనేదు కదా అని ఊపిరి పీల్సుకున్నాను.

ఆ పసుపు నాను కలిపిందే.

మన పేటలో కొత్త తెప్ప దించితే ఏటి సేస్తాం? ఇంటి కోడలు సముద్రం నీళ్లు బిందెడు తెచ్చి, పసుపు కలిపి ముక్కు మీద పోస్తాది. పొయ్యని తెప్ప ఒడ్డుకి రాదంటారు. కారొచ్చిన రోజు మీ బావ ముందే సెప్పేడు, "ఇది తెప్ప కాదే, కరెంటు తీగల బండి. సుక్క నీరు పొయ్యకండి, నిమ్మకాయలు తొక్కిస్తే సాలు" అని. సెప్పి, కోడి తేడానికి ఎల్లేడు.

అత్త ఊరుకుంటాదా? "తెప్ప అమ్ముకున్నోడి మీద గంగమ్మ తల్లి కోపం ఉంటాదే. పొయ్యి" అంది. పైన పోసేను. "జారిపోతందే, తల్లి లోపలికెలగెల్తాది? మూత ఎత్తు" అంది. ఎత్తేను. బిందెడూ పోసేను. మనసారా మొక్కుకోని పోసేనన్నియ్యా, నా పెనిమిటికి నువ్వే తోడుండు తల్లీ అని! ఆయనొచ్చీలోగా కొంగుతో తుడిసీసేను.

వైజాగులో ఆ కుర్రోడు ఉప్పునీళ్లనగానే నాకు నా బిందె గుర్తొచ్చింది. అత్తతో అంటే ఏటందో తెలుసా? "గంగమ్మ నీళ్లు సెరుపు సెయ్యవు. నోరు ముయ్యి. సెప్పేవంటే నరుకుతాడు నిన్ను." రెండో మాట నిజం. అందుకే మూసేను.

ఇటు తిరిగేవా. ఇప్పుడు తిరిగేవా!

అలగ సూడకు. తిట్టు. తిట్టలేవు కదా, కొట్టు. ఒక సెయ్యి బాగానే ఉంది, కొట్టన్నియ్యా! ఎందుకు నా సెయ్యి పట్టుకుంటావు? ఒగ్గెయ్. ఈ మణికట్టు నొప్పి, ఒగ్గెయ్.

అదిగో, వచ్చీసేడు కానిస్టేబులు. రండి బాబూ. ఈయనే ధనరాజు. మాటాడలేడు. అడగండి, తలూపుతాడు.

ఏటి? బండి మీంచి పడిపోనావా అని అడుగుతన్నారు అన్నియ్యా, ఇన్నావా.

ఊపుతన్నావా? అవునని ఊపుతన్నావా! నాను సెప్పినదంతా ఇని కూడా... నా పుస్తెల కోసమా? ఊపకు. దవడ కదిలిపోతాది, ఊపకన్నియ్యా!

బాబూ, రాయకండి అది. కొట్టీసీండి. ఈయన దవడకి తీగ కట్టేరు. నా నోరు బాగానే ఉన్నాది, నాను సెప్తాను.