టెంక లేని ముక్క

గ్లాసు అంత గట్టిగా కొట్టకండత్తయ్యా, తలుపు రంగు పెచ్చులూడిపోతోంది. వస్తున్నానంటే వస్తున్నానేగా. రెండు చేతుల్లోనూ జాడీ ఉంది నాకు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొస్తున్నాను. ఇదిగో, స్టూలు వేసుకుని మీ తలుపు ముందే కూర్చున్నా. మీరు మాత్రం తియ్యకండి. ఇంకా మూడు రోజులుంది మీ గదివాసం.

ఊహూఁ, మాట్లాడకండి. డాక్టరుగారు ఏం చెప్పారు? మాట్లాడితే దగ్గు, దగ్గితే ఆయాసం. మన పద్ధతి మనకుందిగా. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. పదకొండు రోజులుగా ఈ ఇల్లంతా మీ స్టీలుగ్లాసు మీదే నడుస్తోంది. నిజం చెప్పొద్దూ, నాలుగేళ్ళ కాపురంలో మీరూ నేనూ ఇంత సఖ్యంగా మాట్లాడుకున్నది ఈ పదకొండు రోజులే.

రెండుసార్లు కొట్టారా? సరేలెండి, సఖ్యంగా కాదు.

సంగతేంటంటే, ఇవాళ మూడో రోజు. జాడీకి కట్టిన గుడ్డ వాసెన విప్పాలి, ఆవకాయ తిరగకలపాలి, ఉప్పు చూడాలి. ఏటా మీరు చూసేవాళ్ళు. వేలి కొసన ఇంత తీసి నాలిక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని, ఇల్లంతా ఊపిరి బిగబట్టాక అప్పుడు తలూపేవాళ్ళు. ఈ ఏడు మీకు వాసన లేదు, రుచి లేదు. కాఫీకీ మిరియాల కషాయానికీ తేడా తెలియట్లేదని మెసేజి పెట్టింది మీరేగా. ఇక మిగిలింది నా నాలికే. మావయ్యగారి నాలిక సంగతి మీకు తెలియనిదా, ఉప్పు వెయ్యడం మర్చిపోయిన ఉప్మాని కూడా అమృతమంటారు ఆయన.

విప్పేముందు మీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. లోపల బూజు పట్టిందనుకోండి, నేను చెప్పక్కర్లేదు, బూజే చెబుతుంది. పట్టలేదనుకోండి, ఇంక జన్మలో చెప్పను. నా సంగతి నాకు తెలుసు. అందుకని మూత తియ్యకముందే చెప్పేస్తున్నా.

మీరు గదిలోకి వెళ్ళిన నాలుగో రోజు గుర్తుందా? రేపట్నుంచి కర్ఫ్యూ, పన్నెండింటికల్లా షాపులు మూసేస్తారని టీవీలో చెప్పారు. ఆ సాయంత్రమే మీరు మెసేజి పెట్టారు. "ఈ ఏడు ఆవకాయ వద్దులే అమ్మా." అంతే, ఒక్క ముక్క.

ఆ మెసేజి పదిసార్లు చదివానత్తయ్యా. ఎందుకో చెప్పనా? నా పెళ్ళయిన ఏడాది మీరే అన్నారు, చావొచ్చిన ఇంట్లోనే ఆవకాయ మానేస్తారని. మరి మీరు వద్దంటే నేనేమనుకోవాలి? ఆక్సిజన్ తొంభై ఆరుందని మీ అబ్బాయి నాలుగుసార్లు చూసి చెప్పినా నాకు నమ్మకం కుదర్లేదు. ఆ జాడీ నిండితే గానీ మీరు ఆ గదిలోంచి రారనిపించింది. పిచ్చే. పిచ్చి కాదని నేనట్లేదు.

ఆవకాయ పెట్టడం నాకెవరు నేర్పారంటారా? మీరే. ముట్టుకోనివ్వలేదు గానీ చూడనిచ్చారుగా. నాలుగు వేసవులు వంటింటి గుమ్మం ఇవతల నిలబడి చూశాను. "నువ్వొద్దులే బ్లెస్సీ, నీది చెమ్మ చెయ్యి, పచ్చడి నిలవుండదు" అనేవాళ్ళు. చెమ్మ చెయ్యా, వేరే చెయ్యా అని నేనెప్పుడూ అడగలేదు. మా అమ్మ రూతు ఏటా ఉయ్యూరు నుంచి ఆవకాయ సీసా పంపితే అది మీ వంటింటి అలమరలోకి కాక మా గదిలో బీరువా మీదకి ఎందుకెళ్ళేదో కూడా అడగలేదు. మీ అబ్బాయీ మావయ్యగారూ దొంగచాటుగా తినేసేవాళ్ళు కాబట్టి నాకూ పెద్ద పట్టింపు లేకపోయింది. ఇప్పుడూ అడగట్లేదు. ఊరికే అన్నా.

సరే, మర్నాడు ఆరింటికి సూపర్‌మార్కెట్ దగ్గరున్నా. షట్టరు సగమే లేచింది, జనం వంగి దూరిపోతున్నారు. ఆరడుగుల దూరమని నేలమీద గుండ్రాలు గీశారు గానీ గుండ్రానికి నలుగురున్నారు. ఒకాయన బుట్టలో పదకొండు బ్రెడ్లు. ఆయనకి బ్రెడ్డంటే ఇష్టమని కాదు, ముందాయన పది తీసుకున్నాడని. ఒకావిడ బొంబాయిరవ్వ మూట భుజాన వేసుకుని పోతోంది, ఏ జన్మకి తింటారో అంత ఉప్మా. శొంఠి లేదు, మిరియాలు లేవు, వాము లేదు. కషాయం పేరు చెప్పి ఊళ్ళో పోపులపెట్టెలన్నీ ఒక్క పూటలో నింపుకున్నారు.

నేను పెద్ద తెలివైనదాన్నేం కాదు. నాకు కావలసినవి ఐదంటే ఐదు వస్తువులు. ఆవాలు, పచ్చళ్ళ కారం, కళ్ళుప్పు, వెల్లుల్లి, నువ్వులనూనె. కానీ ఆ తోపులాటలో నా చెయ్యి నా మాట వినలేదు. బయటికొచ్చి చూసుకుంటే అగ్గిపెట్టెల కట్టలు మూడు, గుడ్డలకి పెట్టే నీలిమందు నాలుగు సీసాలు. మనింట్లో తెల్లబట్టలే లేవు. మావయ్యగారి పంచె ఒక్కటి, అదీ పసుపుపచ్చగా ఉంటేనే ఆయనకి ఇష్టం.

నువ్వులనూనె దగ్గర మాత్రం యుద్ధమే. ఆఖరి ఐదు లీటర్ల డబ్బా. ఒక పక్క నా చెయ్యి, ఇంకో పక్క ఇంకో ఆవిడ చెయ్యి. రెండు మాస్కులు, పైన ప్లాస్టిక్ కవచం, లోపల మనిషి ఉందో లేదో కూడా తెలియట్లేదు. "ఆవకాయకా?" అంది. "ఆవకాయకే" అన్నా. "ఎన్ని కాయలు?" "ఇరవై ఐదు." "నావి యాభై, వదులమ్మా" అంది, న్యాయమంతా ఆవిడ పక్కనే ఉన్నట్టు.

"మా అత్తయ్యగారికి పాజిటివండీ, ఆవిడ కోసం" అన్నా.

జాలి కోసమే అన్నానండీ, ఒట్టు. ఆవిడ డబ్బా వదిలిన వేగానికి నేను వెనక్కి పడబోయాను. ఆవిడే కాదు, ఆ వరసంతా ఖాళీ. బ్రెడ్డాయన బ్రెడ్లు వదిలేసి పారిపోయాడు. నాకు పరీక్ష చేశారండీ, నెగెటివండీ అని నేను అరుస్తూనే ఉన్నా. వినేవాళ్ళేరీ?

నవ్వుతున్నారా? నవ్వకండి, దగ్గొస్తుంది.

ఆ ఖాళీ వరసలో నేనొక్కదాన్నే నిలబడ్డానా, ఎదురుగా... ఉండండి, అది తర్వాత చెబుతా. ముందు కాయల సంగతి.

మొన్న పొద్దున్నే రైతుబజారుకెళ్ళి చిన్నరసం కాయలు తెచ్చా. ఏరి ఏరి తెచ్చా, గట్టివి, పీచువి. కాయలు కొట్టే అతను మాస్కు గడ్డానికి పెట్టుకున్నాడు. నేను మీ గొంతుతో చెప్పా, "ప్రతి ముక్కకీ టెంక ఉండాలి బాబూ, టెంక లేని ముక్క ఆషాఢానికే చివికిపోతుంది" అని. అతను నన్ను ఎగాదిగా చూసి, "పటమట సుబ్బరత్నంగారి తాలూకా?" అన్నాడు. మీ పేరు వినగానే నాకు ఎంత గర్వమేసిందో. ఆ గర్వంలో ఉండగానే అతను పక్కకి తిరిగి ఒక తుమ్ము తుమ్మాడు. పక్కకేనండీ. ముక్కల మీద కాదు.

తప్పంతా నాదే. వచ్చి ఆ సంగతి మావయ్యగారి ముందు అన్నా. డిపోలో కంట్రోలరుగా ముప్పయ్యేళ్ళు బస్సుల్ని ఆపిన మనిషి, గుమ్మంలో పసుపునీళ్ళ బకెట్టు పెట్టుకుని మన కిరాణాని ఆపడం ఆయనకో లెక్కా? పాలప్యాకెట్టు దగ్గర్నుంచి పేపరు దాకా ముంచందే లోపలికి రానివ్వట్లేదుగా. నేను చెప్పులు విప్పి స్నానానికెళ్ళి వచ్చేలోపు...

అవును. ముంచారు. ఇరవై ఐదు కాయల ముక్కలూ, సంచీతో సహా, వేడినీళ్ళలో ఉప్పూ పసుపూ వేసి.

కొట్టండి, కొట్టండి. ఎన్నిసార్లు కొట్టినా అది అవునూ కాదు, కాదూ కాదు, తిట్టని నాకు తెలుస్తోంది. ఆయన్నేం అనకండి. మీకేమైనా అవుతుందని భయంతోనే చేశారు. నా మొహం చూశాక ఆయనకి అర్థమైంది. నలభై ఏళ్ళుగా ముక్కకి నీటిబొట్టు తగిలితే మీరు ఇల్లు పీకి పందిరేస్తుంటే చూసిన మనిషి. "మీ అత్తయ్యకి చెప్పకు బ్లెస్సీ" అని నా ముందు చేతులు జోడించారు. ఇప్పుడు చెప్పేశా. ఏమీ తెలియనట్టే ఉండండి.

తర్వాత ముక్కల్ని దుప్పటి మీద పోసి ఫ్యానేశాం. ఎండలో పెట్టాం. అయినా టెంకకీ కండకీ మధ్య చెమ్మ పోదే. అప్పుడు నా పెళ్ళికి మా అమ్మ కొన్న జుట్టారబెట్టే మిషను తీశా. ఒక్కో ముక్కా పట్టుకుని, తల దువ్వి జడేసినట్టు, ముందొకసారి, వెనకొకసారి. ఆయన అందించడం, నేను ఆరబెట్టడం. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి అయింది. మీ అబ్బాయి గదిలోంచి చెవుల్లో ఫోనుతో బయటికొచ్చి, మామిడిముక్కకి తల ఆరబెడుతున్న నన్ను చూసి, ఏమీ అడక్కుండా మళ్ళీ లోపలికెళ్ళిపోయాడు.

ఆ రాత్రే కలిపి, వాసెన కట్టి, మీకు చెప్పా.

ఇక ఇందాక ఆపేసిన ముక్క.

ఆ ఖాళీ వరసలో నా ఎదురుగా ఉన్నవి కొనుక్కునే ఆవకాయ సీసాలు. మనింట్లో పోయినేటి జాడీ అడుగంటింది. మీరేమో జ్వరం నోటికి అన్నం సహించట్లేదు, రెండు ముద్దలు ఆవకాయన్నం పెట్టమన్నారు. కొత్తది నేను పెట్టగలనో లేదో, పెట్టినా నిలుస్తుందో లేదో. భయమేసి ఐదు సీసాలు బుట్టలో వేసేశా. కొన్న పచ్చడి ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదని మీ శాసనం. నీలిమందు సీసాల కింద పెట్టి తెచ్చాను, సారాయి తెచ్చినట్టు. ఇప్పటికీ నా మంచం కిందే ఉన్నాయి.

ఈ ఆరు రోజులూ మీరు తిన్నది అదేనత్తయ్యా. మోసమే. రుచి తెలియదు కదా అన్న ధైర్యం. "ఆవకాయ బాగుందా?" అని అడిగితే మీరు ఒకసారి కొట్టినప్పుడల్లా లోపల్లోపల చచ్చిపోయాను.

ఏం, చప్పుడు లేదు? కోపమా?

రెండు. కోపం కాదా? మరేంటి... తెలుసా మీకు?

ఒకటా?

ఎప్పట్నించి? మొదటి రోజు నుంచే? ఒకటి. ఎలా తెలుసండీ? మావయ్యగారు చెప్పారా? రెండు. వాసన తెలిసిందా? రెండు. మరి రంగు చూసా? రెండు. ఇంకేముంది, నాలికకి తెలియదన్నారుగా, ఇక మిగిలింది...

పళ్ళా?

అయ్యో నా తెలివి తెల్లారా. టెంక. ఆ సీసాల్లో ముక్కలకి టెంక లేదు. నాలిక మోసపోయినా పంటికి తెలిసిపోయింది. ఊరంతటికీ ఉపన్యాసం ఇచ్చి వచ్చి, మీ కంచంలో మటుకు చూసుకోలేదు నేను.

మరి తెలిసీ ఎందుకు తిన్నారు? ఆరు రోజులు, ముద్ద మిగల్చకుండా? గ్లాసు విసిరికొట్టచ్చుగా?

దీనికి ఒకటో రెండో కొడితే సరిపోదనుకుంటా. సరేలెండి.

తలుపు తియ్యద్దన్నానా... ఉండండి ఉండండి, మాస్కు పెట్టుకోనీయండి. జరుగుతున్నా, ఆరడుగులూ జరిగా. ఏంటి, ఖాళీ కంచం బయట పెట్టారు? ఇంకా పన్నెండున్నరే. ఆకలేస్తోందా?

ఒకటి. సరే, అన్నం తెస్తా. సీసాలోది వేసి...

రెండు.

జాడీలోదా?

ఒకటి.

ఉండండి మరి. విప్పుతున్నా. ముడి బిగుసుకుపోయింది, పళ్ళతో విప్పితే మీరు చంపుతారు... ఆఁ, వచ్చింది. మూత తీస్తున్నా.

నూనె తేలిందత్తయ్యా. పైన రెండంగుళాలు, ఎర్రగా, అద్దంలా. తెల్లగా ఏం లేదు. అంచులు కూడా చూస్తున్నా, ఏం లేదు. ముక్క గట్టిగానే ఉంది. ఉప్పు... ఒక్క పిసరు ఎక్కువైంది, ఆ వేడినీళ్ళ ఉప్పు పుణ్యం అయుంటుంది. మీరు తుమ్మారేంటి? ఆవఘాటు తగిలిందా? వాసన తెలుస్తోందా?

రెండు. అబద్ధానికైనా ఒకటి కొట్టచ్చుగా మనిషన్నాక.

ఇదిగో కంచం. వేడన్నం, నెయ్యి, రెండు ముక్కలు, రెండిటికీ టెంక ఉంది, ఏరి వేశా. స్టూలు మీద పెట్టి జరుగుతున్నా. తీసుకున్నారుగా? తలుపేసుకోండి.

ఒక్క నిమిషం, ముద్ద నోట్లో పెట్టకండి. ఇంకోటుంది. అసలుది అదే.

మీ చెమ్మ చెయ్యి మాట భయానికి ఆ రోజు గ్లోవ్స్ వేసుకుని కలపడం మొదలుపెట్టా. మీ గదికి తెచ్చిన పెట్టెలోవే. కానీ రబ్బరు చేతికి ముక్క జారిపోతోంది, కారం పట్టట్లేదు, ఎక్కడ ఎంత నూనె తాగిందో తెలియట్లేదు. సగంలో తీసి అవతల పారేశా. మిగతాదంతా ఒట్టి చేత్తోనే కలిపా, మోచేతుల దాకా. ఈ చేత్తోనే. మర్నాటికి కూడా మంట తగ్గలేదు.

అదీ సంగతి. తింటే తినండి, లేకపోతే కంచం బయట పెట్టెయ్యండి, నేనేం అనుకోను. మంచం కింద సీసాలు ఎలాగూ ఉన్నాయి, ఒకటి మావయ్యగారు ఇప్పటికే ఖాళీ చేశారు, బ్రహ్మాండంగా ఉందన్నారు కూడా.

చప్పుడు లేదేంటత్తయ్యా?

ఏదో ఒకటి కొట్టండి. ఒకటో, రెండో.

ఆ కరకర ఏంటి? టెంకేనా?

వద్దొద్దు, తినండి ముందు. గ్లాసు తర్వాత కొడుదురుగాని.