సీతాకోకచిలుకల వలపందిరి

ఇంటి వెనక కొండవాలు మీద ఇల్లంత వలపందిరి. దాని గుమ్మంలో బల్ల వేసుకుని అక్క కూర్చుంది. రేవు నుంచి బస్సులో వచ్చిన తమ్ముడు భుజాన సంచి ఇంకా దించలేదు. పలకరింపులు అయిపోయాయి, పోట్లాట మొదలైంది.

“టికెట్టా? నాకా?”

“నీకే. ఈ గుమ్మం దాటాలంటే ఎవరికైనా టికెట్టే.”

“అక్కా, ఈ పందిట్లో సగం డబ్బు నాది. పెట్టుబడి పెట్టినవాడికి టికెట్టు కొట్టడం ఎక్కడైనా విన్నావా?”

“సగం నీదే కాబట్టి టికెట్టు డబ్బుల్లో సగం మళ్ళీ నీకే వస్తుంది. నీకు పోయేదేముంది?”

“బావ కూడా కొంటాడా?”

“మీ బావ నెలకి సరిపడా పాసు తీసుకున్నాడు.”

“నీతో మాట్లాడి నెగ్గినవాడు లేడు. ఇదిగో. చిల్లరివ్వు.”

“చిల్లర లేదు. తల వంచుకుని రా, గుమ్మం పొట్టి.”

“అబ్బా!”

“చెప్పాను కదరా, పొట్టి అని. ఎప్పుడైనా నా మాట విన్నావా?”

“బయట ఆ బోర్డు మీద గబ్బిలం ఏంటక్కా?”

“అది గబ్బిలం కాదు, సీతాకోకచిలుక. మీ బావ వేశాడు. ఆయన ముందు అనకు, వారం రోజులు అన్నం మానేస్తాడు.”

“సరే, ఏవి మరి?”

“ఏవేవి?”

“సీతాకోకచిలుకలు! బోర్డు మీద అంత రెక్కలేసి పెట్టారు, లోపల ఒక్కటీ లేదే?”

“మధ్యాహ్నం కదా. కునుకు తీస్తున్నాయి.”

“కునుకా?”

“నువ్వు తియ్యవూ? చిన్నప్పుడు నోట్లో ముద్ద పెట్టుకునే నిద్రపోయేవాడివి.”

“నా సంగతి ఎందుకు? ఎక్కడ పడుకున్నాయో చూపించు.”

“ఆకుల కింద. లేపకూడదు.”

“ఆకుల కింద పురుగులున్నాయి.”

“చెయ్యి పెట్టకు! అవేరా మన సరుకు. ఆ నిమ్మాకు తినేవి నల్లరెక్కలవి అవుతాయి. అదిగో, జిల్లేడాకు తినేవి నారింజరంగువి. మొక్కల నర్సరీ పెట్టిన నాటి నుంచి ఈ పురుగుల్ని మందు కొట్టి చంపిన చేత్తోనే మీ బావ ఇప్పుడు వాటికి లేతాకులు ఏరి పెడుతున్నాడు. రోజూ పొద్దున్నే పలకరిస్తాడు కూడా. నన్ను పలకరించడు.”

“అంటే టికెట్టు కొన్నవాళ్ళకి పురుగుల్ని చూపిస్తున్నావా?”

“మొన్న పట్నం నుంచి ఒకాయన పెళ్ళాం బిడ్డలతో వచ్చాడు. సీతాకోకచిలుకలేవమ్మా అన్నాడు. ఇవి వాటి చిన్నప్పటి ఫొటోలనుకోండి అన్నాను.”

“ఏమన్నాడు?”

“నవ్వాడు. వాళ్ళ చిన్నపిల్ల నవ్వలేదు. దాని మూతి చూసి డబ్బులు వెనక్కిచ్చేశాను.”

“ఇచ్చేశావా! మన వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉందన్నమాట.”

“పువ్వులకేం లోటు లేదు. అన్నం తిన్నావా?”

“మాట మార్చకు. నేనెందుకొచ్చానో నీకు తెలుసు. ఫోన్లో చెప్పాను.”

“ఫోన్లో నీ మాటేం వినపడుతుంది, వెనకంతా మోటార్ల చప్పుడు.”

“అంతా విన్నావు. విని, సిగ్నల్ లేదని పెట్టేశావు. మళ్ళీ చెబుతున్నాను, ఇప్పుడు సిగ్నల్ బాగానే ఉంది. కొత్త పడవలో నాకు వాటా ఇస్తామన్నారు. రేపు సాయంత్రంలోగా డబ్బు కట్టాలి. ఎల్లుండి తెల్లారగానే పడవ కదులుతుంది. నేను దీంట్లో పెట్టింది నాకు తిరిగి కావాలి.”

“పెద్ద పడవేనా?”

“పెద్దదే.”

“నాన్నదీ పెద్దదే.”

“అక్కా.”

“నేనేమన్నానురా? వెళ్ళొద్దన్నానా?”

“అనలేదు.”

“అననని నీకు మాటిచ్చాను. అనను. పోయిన వానాకాలం నీ పడవ తిరగబడి, నిన్ను నలుగురూ మోసుకొచ్చి నా ఇంట్లో పడుకోబెట్టినప్పుడు కూడా అనలేదు. నా మంచమెక్కి మూలుగుతూ నువ్వే అన్నావు. ‘కొండ చూడ్డానికి పట్నం నుంచి ఇంతమంది వస్తున్నారు, కొండని ఎంతసేపు చూస్తారక్కా, సీతాకోకచిలుకల్ని పెంచి చూపిద్దాం, అవి మనల్ని ముంచవు’ అని. అన్నావా లేదా?”

“జ్వరంలో అన్నాను.”

“డబ్బు కూడా జ్వరంలోనే ఇచ్చావా?”

“ఇచ్చాను. జ్వరం తగ్గింది.”

“తగ్గాక ఒక్కరోజైనా ఈ గడప తొక్కావా? పందిరి లేస్తోంది రారా, వల కట్టాలి రారా అని ఎన్ని కబుర్లు పెట్టాను? ఏమన్నావు?”

“పనుందన్నాను.”

“‘కొట్లో ఏదో ఒక వల కొనుక్కో పో’ అన్నావు.”

“సరే, అన్నాను. ఇప్పుడవన్నీ తవ్వి… ఆగు, ఆగు! అదిగో ఒకటి! ఆ నిమ్మకొమ్మకి వేలాడుతోంది!”

“మెల్లగా. పొద్దున్నే గూడు చీల్చుకుని వచ్చింది. రెక్కలు ఆరబెట్టుకుంటోంది.”

“అబ్బ, ఎంత నలుపక్కా. ఆ పసుపు చుక్కలు ఎవరో కూర్చుని పెట్టినట్టున్నాయి.”

“చూశావా, నీ గొంతే మారిపోయింది.”

“ఏం మారలేదు. బస్సులో దుమ్ము… ఎగిరింది! అటు పోతోంది. వల మీద వాలింది. రెక్కలు మూసింది. అక్కా!”

“ఊఁ.”

“అక్కా, వెళ్ళిపోయింది!”

“ఎక్కడికి?”

“బయటికి! వల కంట్లోంచి దూరిపోయింది! అదిగో, పక్కింటి పెరట్లోకి…”

“పాపం, దానికేం పనుందో.”

“ఇలా రా. ఇలా వచ్చి చూడు. నా బొటనవేలు దూరుతోంది. రెండు వేళ్ళు దూరుతున్నాయి! ఇది చేపల వల!”

“అవునా?”

“అవునా ఏంటి, అవునా! చేపల వలే! ఇంతేసి కన్నున్న వలలో సీతాకోకచిలుక ఎలా ఆగుతుంది? ఇన్నాళ్ళూ పెంచి పెంచి ఊరి మీదికి వదిలిపెట్టావన్నమాట!”

“అందుకేనేమో పక్కింటావిడ ఈ మధ్య తెగ నవ్వుతూ పలకరిస్తోంది. ఆవిడ పెరడంతా ఒకటే రంగులు. టికెట్టు కూడా లేదు.”

“నీకు నవ్వెలా వస్తోందక్కా? దోమతెర గుడ్డ కొంటే పోయేది కదా. దీనికంటే చవక కూడా!”

“ఎండకి చీకిపోతుంది.”

“చీకనివి కూడా ఉంటాయి.”

“ఉంటాయా? నాకేం తెలుసురా, మొక్కలవాడి పెళ్ళాన్ని.”

“మొక్కలవాడి పెళ్ళానివి తర్వాత. నోట్లో పాలపళ్ళు ఊడకముందు నుంచి నాన్న పక్కన కూర్చుని వలలు అల్లినదానివి. చీకట్లో చేత్తో తడిమి ఇది ఏ చేపకి వేసే వలో చెప్పేదానివి. నేను కన్ను వదులుగా వేస్తే నెత్తిన మొట్టేదానివి.”

“మొట్టింది నాన్న.”

“నువ్వే. ఇంకా బొప్పి ఉంది, చూస్తావా?”

“అది ఇందాక గుమ్మం తగిలింది. పెళ్ళయి కొండెక్కాక అవన్నీ మర్చిపోయానురా. ఇక్కడ వలతో నాకేం పని? ఉండు, మంచినీళ్ళు తెస్తాను.”

“నీళ్ళొద్దు. బావైనా చూడొద్దా?”

“మీ బావకి ఆకు తప్ప ఏం కనపడుతుంది? పెళ్ళయిన కొత్తలో నా మొహం వంక అదేపనిగా చూస్తుంటే నేను తెగ మురిసిపోయాను. నా వెనకున్న కుండీలో తెగులు చూస్తున్నాడట.”

“నన్ను నవ్వించకు. నేను కోపంగా ఉన్నాను.”

“ఉండు, ఎవరొద్దన్నారు?”

“నా డబ్బు నాకిచ్చెయ్యి. నేను పోతాను.”

“ఎక్కడుందిరా? కొంత ఆ స్తంభాల్లో ఉంది, కొంత నిమ్మమొక్కల్లో ఉంది. మిగతాది నీ కళ్ళ ముందే పక్కింటికి ఎగిరిపోయింది. వెళ్ళి పట్టుకో.”

“నాకు నవ్వు రావట్లేదక్కా.”

“తెలుసు.”

“నీకేం తెలుసు? రేవులో నన్నేమంటున్నారో తెలుసా? ఒడ్డుపీత. పడవెక్కడం మానేసి ఇసకలో కూర్చుని చిరిగిన వలలు కుట్టుకుంటున్నానని. నా ముందు నుంచి పోయేటప్పుడు పీత నడిచినట్టు అడ్డంగా నడిచి చూపిస్తారు. ముసలాళ్ళు కూడా.”

“పీతకి బుద్ధుందిరా. మునిగిపోదు.”

“నీకు వేళాకోళంగానే ఉంటుంది.”

“మరి ఏడవమంటావా? సరే, ఒకటి చెప్పు. పడవెక్కాలనుందా నీకు?”

“ఉంది.”

“నా మొహం చూసి చెప్పు.”

“ఎక్కాలి, అంతే.”

“ఎక్కాలా అని అడగలేదు. ఎక్కాలనుందా అని అడిగాను.”

“లేదు! లేదక్కా, చాలా? నీళ్ళల్లో పాదం పెట్టిన వెంటనే వెనక్కి తీసేస్తున్నాను. కళ్ళు మూస్తే ఆ రోజు వల కాళ్ళకి చుట్టుకున్నట్టే ఉంటుంది. పైకి రావాలని తంతుంటే ఇంకా బిగుసుకున్నట్టు… అయినా ఎక్కాలి. ఎక్కకపోతే ఆ రేవులో తలెత్తుకుని తిరగలేను.”

“ఒరేయ్, ఇలా కూర్చో. నాకూ భయమేరా. నువ్వు నీళ్ళ మీదున్నన్ని రోజులూ నాకు ముద్ద దిగదు. గాలి కాస్త గట్టిగా వీస్తే మీ బావ మొక్కలు పడిపోతాయని లేస్తాడు, నేను నీకోసం లేస్తాను. కానీ వెళ్ళొద్దని మాత్రం అననులే. మాటిచ్చాను కదా.”

“అనకుండానే అంటున్నావు.”

“అది నీ చెవుల తప్పు. వెళ్ళేవాడివి వెళ్ళు. పోయేముందు ఒక్క సాయం చేసిపో.”

“ఏంటది?”

“ఆదివారం బడిపిల్లలు బస్సు నిండా వస్తున్నారు. గూళ్ళు చాలా ఉన్నాయి, రేపోమాపో చిట్లుతాయి. ఈ మూలన, ఒక చిన్న గదంత మేర, సన్నకన్ను వల అల్లి కట్టావంటే పిల్లలు మూతులు ముడుచుకోకుండా ఇంటికి పోతారు.”

“గదంతా? నేనొక్కణ్ణే?”

“నీవల్ల కాదులే. నాన్నయితే చిటికెలో అల్లేసేవాడు.”

“ఎవరన్నారు? నాన్న కంటే నా చెయ్యే వాడి.”

“నోరు వాడి.”

“దారమెక్కడుందో చెప్పు ముందు.”

“ఆ బల్ల కింద చూడు.”

“అమ్మో, ఇంత దారమా! అంతా సన్నదారమే. ఒక గదికి కాదు, పందిరంతటికీ సరిపోతుంది. ఎప్పుడు కొన్నావు?”

“చవగ్గా వచ్చింది, కొన్నాను.”

“వల అల్లే సూది కూడా ఉంది. ఉండుండు… దీనికి జానెడు వల అల్లి ఉందేం? ఒక్క ముడి అటూ ఇటూ లేదు. చిటికెనవేలు కూడా దూరట్లేదు. మర్చిపోయానన్నావు, ఇదెవరు అల్లారు?”

“గాలికి అల్లుకుని ఉంటుంది.”

“గాలికా!”

“కొండ మీద గాలి ఎక్కువరా. మాట్లాడకుండా పని చూడు.”

“ఈ కొస పట్టుకో. గట్టిగా. వదులుగా పట్టుకుంటే నెత్తిన మొడతాను.”

“మొట్టు చూద్దాం.”

“ఇప్పుడు రేవులోవాళ్ళకి తెలిస్తే సీతాకోకచిలుకల పీత అంటారు.”

“అననీ. టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చి అనమను.”

“చిల్లర లేదని కూడా చెబుతావు.”

“చెబుతాను. చేతులు ఆపకు.”

“నా చేతులు ఆగలేదే! చూడు, మాట్లాడుతూనే రెండో వరస కూడా అయిపోవచ్చింది. ఇదే వల రేవులో కుడుతుంటే తల వంచుకుని కుడతానక్కా, ఎవరొస్తారో అని. ఇక్కడ ఏమీ అనిపించట్లేదు.”

“అదిగో హారన్. నీ బస్సురా.”

“తెలుసు.”

“పరిగెత్తితే దొరుకుతుంది.”

“ఈ వరస పూర్తవ్వనీ.”

“నాన్చకు మరి. తర్వాత నన్ననకు.”

“ఊఁ… ఇదొక్క ముడి… పోయింది.”

“ఏది?”

“బస్సు.”

“అయ్యో.”

“నీ అయ్యోలో బాధే లేదక్కా.”

“అయ్యయ్యో. ఇప్పుడుందా?”

“నవ్వకుండా ఒక్కదానికి జవాబు చెప్పు. మాట మార్చకూడదు. ఆ చేపల వల కొన్న రోజు, దాని కన్ను చూశావా, చూడలేదా?”

“మంచినీళ్ళు వద్దన్నావు, కనీసం…”

“అక్కా.”

“కొట్టువాడు మూడుసార్లు చెప్పాడురా, ‘అమ్మా, ఇది చేపల వల, ఇందులో సీతాకోకచిలుకలు ఆగవు’ అని. అవి ఆగకపోతే మా తమ్ముడు ఆగుతాడులే, కట్టివ్వు అన్నాను.”