ఏడో జలపాతం

ఆ బెంచీ మీద కాదమ్మా, దాని కాలు ఊగుతుంది, ఇటొచ్చి కూర్చో. ముందు ఈ టీ తాగు. అమ్మాయీ, నువ్వూ దిగు, ఎంతసేపని ఆ స్టీరింగు పట్టుకుని కూర్చుంటావు? తొక్కితే బ్రేకు కిందికంటా పోయిందా? పిట్టగోడకి రాసుకుని ఆగావా? పోనీలే, కారుకి రంగు మళ్లీ వేయించుకోవచ్చు, మీ అమ్మకి ఇంకో కూతుర్ని ఎక్కడ తెస్తాం? ఇదిగో, చక్రం మీద నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తే చుయ్ మంటోంది. పైనుంచీ బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగొచ్చావు. ఇది చల్లారేదాకా కదలకూడదు. రైలా? రైలు రేపూ ఉంటుంది. సరే, ఓ ముప్పావుగంట. ఈలోపు ఆ బోర్డు చదువు. 'ఇచ్చట నుండి ఏడు జలపాతములు కనిపించును' అని లేదూ? లెక్కపెట్టు.

మూడేనా? ఉన్నవి మూడే తల్లీ. ఆ బోర్డు రాసింది మా ఆయన. ఈ రోడ్డు పనుల మేస్త్రీ. మనిషి పోయి ఇరవై రెండేళ్లయింది, ఆయన అబద్ధం మాత్రం ఏడాదికోసారి రంగు పూయించుకుని నిక్షేపంగా ఉంది. పొట్టిగా, బొజ్జేసుకుని, తారు పీపాకి టోపీ పెట్టినట్టుండేవాడు. ఆయన గురక విని ఓసారి కొండచరియ విరిగిందనుకుని కూలీలు లేచి పరిగెత్తారు. నన్ను అడగడానికి వచ్చినప్పుడు రోడ్డు రోలరు తన సొంతమన్నాడు. మా నాన్న నమ్మాడు. ఏం చెప్పమంటావు, అబద్ధమైతే ధారగా వచ్చేది, నిజం చెప్పాల్సొస్తేనే నత్తి.

అలాంటివాడు ఓసారి నిజం చెప్పాడు. అప్పట్లో ఇక్కడ ఈ కొట్టు లేదు, లోయ అంచున ఈ ఇనప కమ్మీలు లేవు, వంపు పక్కన కాస్త ఖాళీ జాగా, అంతే. ఓ కుర్రాడు లారీ దించుకొస్తున్నాడు, చక్రాల్లోంచి పొగ. వయసు నీ అంతే ఉంటుంది అమ్మాయీ. ఈయన అడ్డంపడి ఆపి, బ్రేకులు కాలిపోతున్నాయి నాయనా, గంటసేపు ఆగు అని నత్తినత్తిగా చెప్పాడు. నీ తట్టా పారా నువ్వు చూసుకో మామా అని నవ్వి పోయాడు వాడు. మూడో వంపు దాకా హారను వినిపించింది. తర్వాత వినిపించలేదు. లోయలోకి దిగి వాణ్ణి మోసుకొచ్చింది ఈయనే.

వారం రోజులు అన్నం ముట్టలేదు. ఎనిమిదో రోజు నా కంచం లాక్కుని తిని, రేకు ముక్కా రంగు డబ్బా ముందేసుకున్నాడు. ప్రమాదమంటే ఎవడూ ఆగడే, వేడుకంటే ఆగుతాడు అన్నాడు. మూడింటికి ఏడని రాస్తావేం, సిగ్గు లేదా అన్నాను. "మూడని రాస్తే చూసి పోతారు. ఏడని రాస్తే వెతుకుతారు."

వెతికారమ్మా, బస్సులకి బస్సులు ఆపుకుని మరీ వెతికారు. మొగుడికి ఐదు కనిపిస్తే పెళ్లానికి నాలుగు, ఇక చూడు తగువు. ఆ తగువు తెగేలోపు చక్రాలు చల్లారిపోయేవి. ఓ బడిపంతులు ఏడూ చూశానని పిల్లలచేత పుస్తకాల్లో రాయించాడు. బోర్డు పీకిస్తానని వచ్చిన పెద్దాఫీసరు కళ్లజోడు తుడిచీ తుడిచీ చూసి, తన చూపు మందమని గుమాస్తా ముందు ఒప్పుకోలేక, ఏడూ ఉన్నాయని సంతకం పెట్టి పోయాడు. ఈ కమ్మీలు ఆయన చలవే.

నవ్వావు, హమ్మయ్య. మొహంలోకి నెత్తురొచ్చింది.

ఎలా పోయాడంటావా? ఇన్నేళ్లు ఈ కొండంచున తిరిగినవాడు, ఇంట్లో స్టూలెక్కి బల్బు మారుస్తూ పడ్డాడు. అంత ఘనుడు. రెండ్రోజులు మంచం మీదున్నాడు. చివర్లో నా చెయ్యి పట్టుకుని, ఒసే, ఏడోది నిజంగానే ఉందే, ఓ వానాకాలం నా కళ్లతో చూశాను, ఎక్కడంటే అని నత్తి మొదలెట్టాడు. నత్తి రాగానే నాకు గుండె...

ఆ చెంబు ఇలా ఇవ్వమ్మా. విన్నావా, చుక్క వేసినా చప్పుడు లేదు. అమ్మాయీ, ఎక్కు. బ్రేకు తొక్కి చూడు. గట్టిగా ఉందా? ఇంకోసారి తొక్కు. రెండో గేరులోనే దించు, కాలు బ్రేకు మీద ఆనించి పెట్టకు.

ఏడోదెక్కడా? నువ్వు ముందు రోడ్డు చూడు తల్లీ.

మూడో వంపు దాటాక ఓసారి హారను కొట్టండి. నేనిక్కడే ఉంటా.