సెలూన్ బాబాయ్ ఒక్క రక్తపు చుక్క

పెద్ద జలుబు జ్వరం ఊరంతటినీ మంచాన పడేసి వెళ్లిపోయి నాలుగు నెలలైంది. అందరికీ దగ్గు తగ్గింది, ఒక్క సెలూన్ బాబాయ్‌కి తప్ప. అది జబ్బు దగ్గు కాదు, ముప్పై ఏళ్లుగా పౌడరు పీల్చితే వచ్చిన దగ్గు అని మొత్తుకున్నా వినేదెవరు? ముఖంలో ముఖం పెట్టి గడ్డం గీసేవాడు దగ్గుతుంటే కుర్చీలో ఎవడు కూర్చుంటాడు? కొట్లో ఈగలు తోలుకుని తోలుకుని విసుగెత్తి, ఆ ఉదయం ఎదుటి టీ కొట్టు బెంచీ మీద చోటు చేసుకుని గొంతు సవరించుకున్నాడు. పోయిన గిరాకీ రావాలంటే ఇక నోరే దిక్కని అతని నమ్మకం.

“జ్వరం వచ్చి పోయాక ఎవరి రక్తంలో దాన్ని తట్టుకునే బలం ఎంతుందో ఆస్పత్రివాళ్లు చూస్తున్నారు కదా, నాదీ తీశారు. ఒక్క చుక్క. చాలన్నారు.”

“ఏం తేలిందిట?” అన్నాడు పక్కనున్న రిటైరైన పోస్ట్‌మాన్.

“అక్కడికే వస్తున్నా పెద్దాయనా. రక్తం మీది తేట తీసి, నీళ్లు కలిపి సగానికి పలచన చేస్తారు. మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. అంత పలచనయ్యాక కూడా జబ్బు పురుగుని ఆపితే బలమున్నట్టు. మీబోటివాళ్లది నాలుగోసారికి చేతులెత్తేస్తుంది. నాదాంట్లో గ్లాసెడు నీళ్లు పోశారు, ఆపింది. బకెట్టెడు పోశారు, ఆపింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫైరింజను పిలిపించారు.”

“అయ్యో, నిప్పంటుకుందా?” అంది టీ కొట్టు అక్క.

“నీళ్ల కోసం అక్కా. ఆ నీళ్లన్నీ పోసి భూతద్దంలో చూస్తే ఏముంది, పురుగులన్నీ వరసగా నిలబడి చేతులు కట్టుకుని, ‘అయ్యా, వదిలెయ్యండి, పక్క ఊరు పోతాం’ అంటున్నాయి.”

“పురుగులకి చేతులుంటాయా?”

“భయపడితే వస్తాయి.”

దగ్గు తన్నుకొచ్చింది. టీతో కలిపి మింగేశాడు. పోస్ట్‌మాన్ ఎందుకో నవ్వాపుకుంటున్నాడు. అది మెచ్చుకోలు అనుకుని బాబాయ్ ఇంకా రెచ్చిపోయాడు.

“పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి, ‘ఇది ల్యాబులో పెట్టుకునే రక్తం కాదయ్యా’ అని తీసుకెళ్లి ఊరి మంచినీళ్ల ట్యాంకులో కలిపేశాడు. అందుకే ఊళ్లో ఇవాళ తుమ్మేవాడు లేడు.”

“ఆ నీళ్లతోనేగా నేను టీ పెట్టేది,” అంది అక్క. బెంచీ చివర ఇద్దరు గ్లాసులు కింద పెట్టేశారు.

“నీ టీకి ఆ రుచి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావ్? ఇంకా విను. ఆ నీళ్లు కాలువలో పడి సముద్రంలో కలిశాయా, ఇప్పుడు చేపలకి కూడా జలుబు చెయ్యట్లేదు. రోజూ పొద్దున్నే కూడలిలో నిలబడి నాలుగు దిక్కులా ఊపిరి వదలమని ఆఫీసర్లు నా కాళ్లు పట్టుకున్నారు. నేనే, గిరాకీ పాడవుతుందని ఒప్పుకోలేదు.”

అప్పుడు అతని పక్కనే, ఒళ్లో నీలం పెట్టె పెట్టుకుని టీ ఊదుకుంటున్న అమ్మాయి తలెత్తింది. ఆ రక్తాలు తీసేది తనే.

“బాబాయ్, ఈ వీధిలో చీటీలు తీసి నలభై ఇళ్లు ఎంచారు. ముప్పై తొమ్మిది గొట్టాలు నిండాయి. మిగిలింది మీ ఇల్లే. నేనొచ్చిన మూడుసార్లూ మీరు ఊళ్లో లేరంది పిన్ని. మూడోసారి మంచం కింద ఎవరో దగ్గారు. ఎవరని అడిగితే పిల్లి అంది.”

బెంచీ బెంచీ అంతా నవ్వింది. బాబాయ్ ముఖం పాలిపోయింది. “నిజం చెప్తున్నా తల్లీ, సూదంటే నాకు ప్రాణభయం,” అన్నాడు, ఆ ఉదయం మొదటిసారి మెల్లగా.

“ముప్పై ఏళ్లుగా నువ్వు కత్తి పట్టుకుంటే మేం మెడ చాపాం,” అన్నాడు పోస్ట్‌మాన్. “సూదికి నువ్వు చెయ్యి చాపలేవా?”

ఆ మాటకి సిగ్గేసింది బాబాయ్‌కి. చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్లు గట్టిగా మూసుకుని చాపాడు. అమ్మాయి గొట్టం నింపుకుని, దూది పెట్టి, పేరు రాసుకుంది.

కళ్లు తెరిచేసరికి పోస్ట్‌మాన్ వీధి దాటి సెలూన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“రా, గియ్యి. దగ్గితే దగ్గు, నాకేం ఫర్లేదు. కానీ గడ్డం అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడావో, లేచిపోతా.”

బాబాయ్ తలూపి సబ్బు నురగ కలపడం మొదలుపెట్టాడు. నోరు మూసుకోవాల్సిన ఆ పావుగంట ముందు సూది ఏపాటిదనిపించింది అతనికి.