మైకు లాక్కున్న అవయవం

ఆదివారం ఉదయం చర్చికి బయల్దేరే ముందు భర్త అక్కడ తాను చెప్పాల్సిన ప్రసంగాన్ని అద్దం ముందు వల్లెవేస్తున్నాడు. పెళ్లై నెల కూడా కాని భార్య అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ వింటోంది.

“సంఘమంతా ఒకే శరీరం. మనమంతా అవయవాలం. ఎలా ఉంది?”

“అదిరింది. మరి మూడేళ్లుగా మీరు మాట్లాడని బావగారు ఏ అవయవం?”

“మా అన్నయ్యా? పుండు. ప్రార్థన మధ్యలో నా మైకు లాక్కున్నాడు.”

“ముప్పావుగంట సాగదీశారట కదా, లాక్కోరా మరి?”

“నువ్వు ఆయన వైపా?”

“ఒంటి మీద పుండుంటే చెయ్యి పదేపదే అక్కడికే పోతుంది. మీ చెయ్యేమో మూడేళ్లుగా జేబులోనే ఉంది. ఇదేం శరీరమండీ?”

“చొక్కా ఇలా ఇవ్వు.”

“ఆయన పక్కన కూర్చుంటానంటేనే.”

“సరే, కూర్చుంటాను. మైకుకి మాత్రం దూరంగా ఉండమను.”

“ఆ మాట మీరే చెప్పండి. మూడేళ్ల తర్వాత మొదటి మాట అదైనా ఫర్వాలేదు.”